నిప్పులు తెలియని పాదం

మీ పాదం మీద నాడి ఎక్కడ కొట్టుకుంటుందో మీకు తెలుసా?

మణికట్టు సంగతి నేను అడగడం లేదు. ఒంట్లో బాగాలేదంటే చెయ్యి చాపడం మనకు చిన్నప్పుడే అలవాటైంది. గుండె ఏ పక్కన ఉందో కూడా చూపిస్తాం. కానీ బతికినన్నాళ్లూ మనల్ని మోసే పాదానికి రక్తం ఏ దారిన వస్తుంది, అసలు వస్తున్నదా లేదా అని ఒక్కసారైనా తడిమి చూశారా? తెలియదంటే మీరొక్కరే కాదు. బడిలో ఏళ్ల తరబడి సైన్సు చెప్పి, సెలవు దొరికితే ఊరూరా తిరిగి "ప్రతిదాన్నీ పరీక్షించి చూడండి" అని మైకులో అరిచిన నాకూ తెలియదు. కుడికాలి చిటికెనవేలు నల్లబడిన తర్వాత తెలిసింది.

ప్రమాదం దాటింది కాబట్టి ఇది రాస్తున్నాను. రాస్తే కొంచెం కుదుటపడతానేమోనని కూడా రాస్తున్నాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. నేను రిటైరైన టీచరును, పేరు విజయ. నిజామాబాద్‌లో కంఠేశ్వర్‌లో ఉంటాం. మాది హేతువాదుల చిన్న సంఘం. బాబా నోట్లోంచి లింగం తీస్తే మేమూ తీసి చూపిస్తాం. నిమ్మకాయలోంచి నెత్తురు కారిస్తే మేమూ కారుస్తాం. జాతరలో భక్తులు అగ్నిగుండం తొక్కితే, మేము పక్క మైదానంలో మరో గుండం పేర్చి, ఏ దేవుడి పేరూ తలవకుండా తొక్కి చూపిస్తాం. ఈ గుండం తొక్కడం నా వంతు. ఆడమనిషి కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని నిప్పుల మీద నడిస్తే, ఉపన్యాసం అవసరమే ఉండదు.

ఈ పట్టుదల నాకు పుస్తకాల నుంచి రాలేదు. మా నాన్న కాలు నుంచి వచ్చింది. ఆయన్ని బాపు అని పిలిచేవాళ్లం.

బాపు చెరుకు బండి తోలేవాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న కాలం. గేటు ముందు బండ్ల వరుసలో పొద్దంతా నిలబడి, మా అవ్వ, అంటే అమ్మ, చుట్టిన బీడీలు ఒకదాని వెనక ఒకటి కాల్చేవాడు. ఒక సీజనులో చెరుకు ఆకు అంచు కాలివేలిని కోసింది. ఆ గీత మానలేదు. వేలు నల్లబడింది, తర్వాత పాదం, చివరికి మోకాలి కింది దాకా తీసేశారు. పోశమ్మ ముందర పోసిన ముగ్గు దాటాడు, అందుకే అమ్మవారు కాలు పట్టుకుందని ఊరు తేల్చేసింది. అవ్వ నమ్మింది. అంతకన్నా ఘోరం, బాపు కూడా నమ్మాడు. మంచంలో కూర్చొని ఆ తల్లికి చేతులు జోడించేవాడు. "నేనేం దాటిన్నో నాకే యాదికస్తలేదు బిడ్డా" అన్నాడు ఒక పొద్దున, నా వైపు చూడకుండా.

అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. దేవత పని కాదు అని ఊరంతటితో వాదించాను. "మరెవ్వరి పని?" అని ఎదురడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత జీవితమంతా ఏది కాదో చెబుతూనే గడిపాను. ఏది అవునో, బాపు కాలు విషయంలో మాత్రం, ఎప్పుడూ చెప్పలేకపోయాను.

శివరాత్రి జాతర

బోధన్ దాటాక చెరుకు తోటల మధ్య ఒక ఊరు. పేరు వద్దు. అక్కడ మల్లన్న జాతరలో అగ్నిగుండం పెద్దది. జాతర కమిటీకి పెద్దమనిషి పోశెట్టి. భక్తి లేనివాడు గుండంలో అడుగు పెడితే బూడిదవుతాడని ఏటా మైకులో చెప్తాడు. ఆ ఊరి కుర్రాళ్లు కొందరు మమ్మల్ని పిలిచారు. పోశెట్టి అడ్డుచెప్పలేదు, చూస్తానన్నాడు. బడి మైదానంలో చింతకట్టెల గుండం పేర్చాం.

మామూలుగా చెప్పేదే జనానికి చెప్పాను. బొగ్గు వేడిని నిదానంగా ఇస్తుంది, మీద బూడిద పొర ఉంటుంది, పాదం ఆనేది రెప్పపాటు, ఆగకుండా నడిస్తే చాలు. తర్వాత నడిచాను.

ఇంతకుముందు ప్రతిసారీ ఒక చురుకు తెలిసేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇసుకలో నడిచినట్టు. ఈసారి అది కూడా లేదు. కంబళి మీద నడిచినట్టుంది. బయటికొచ్చి, మైకు అందుకొని, గర్వంగా చెప్పాను: "సూడుండ్రి, నాకు వేడి సుత తెలుస్తలేదు!"

చప్పట్లు మోగాయి. ఆ వాక్యం వీడియో అయి చాలా ఫోన్లలోకి ఎక్కింది. నా జబ్బును నేనే మైకులో ప్రకటించాను, నేనే చప్పట్లు కొట్టించుకున్నాను. ఎవరికీ అర్థం కాలేదు, ముందుగా నాకే.

పోశెట్టి చేతులు కట్టుకొని దూరంగా నిలబడి ఉన్నాడు. వెళ్లేటప్పుడు నవ్వుతూ అన్నాడు. "సూద్దాం టీచరమ్మా. దేవునికి తొందరేమున్నది."

ఇంటికొచ్చాక చూస్తే చిటికెనవేలి పక్కన చిన్న బొబ్బ. నొప్పి లేదు. నొప్పి లేకపోతే సంతోషించడం మనకు అలవాటు కదా, నేనూ సంతోషించాను.

నిజానికి ఆ కాలు అంతకు ముందు నుంచే ఒక మాట చెబుతోంది. వానాకాలం నుంచీ కాసేపు నడిస్తే కుడి పిక్క పిండినట్టు పట్టేసేది. ఆగితే పోయేది. మళ్లీ నడిస్తే మళ్లీ పట్టేది. వయసు అనుకున్నాను. బజారుకు వెళ్లే దారిలో ఆ పట్టు వచ్చే చోట ఒక చీరల షాపు ఉంది. అద్దాల ముందు ఆగి, చీరలు చూస్తున్నట్టు నిలబడి, నొప్పి తగ్గాక కదిలేదాన్ని. మా ఆయన సాయిలు ఇది గమనించాడు. పెళ్లయిన నాటి నుంచి చీర కావాలని అడగని మనిషి రోజూ అక్కడే ఆగుతోందేమిటా అని తనలో తాను చాలా ఆలోచించి, ఒకరోజు ఆ అద్దంలో ఉన్న ఆకుపచ్చ పట్టుచీర పట్టుకొచ్చాడు. నేను తిట్టాను. ఆయన నొచ్చుకున్నాడు. చీర బీరువాలోకి పోయింది.

మార్చి

బొబ్బ చితికింది. పుండైంది. మానదు, పెరగదు, అలాగే ఉంటుంది. తర్వాత అంచులు నల్లబడ్డాయి.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా సాక్సులు తొడుక్కున్నాను. కారణం విని నవ్వకండి. "గుండం తొక్కిన టీచరమ్మ కాలు కుళ్లింది" అన్న ఒక్క వాక్యం బయటికి పొక్కితే చాలు, జిల్లాలో మేం చేసిన పనంతా ఆ ఒక్క వేలితో కొట్టుకుపోతుంది. పోశెట్టి నవ్వు కళ్లముందు ఆడేది. ఆసుపత్రిలో ఎవరో ఒకరు గుర్తుపడతారు, ఫోటో తీస్తారు, జాతర మైకులో చెప్తారు. హేతువాదం పరువు కాపాడడానికి ఒక హేతువాది పుండును దాచిపెట్టింది. సాయిలుకు చెప్పు కరిచిందని చెప్పాను. షుగర్ ఉందని ఏళ్లుగా తెలుసు, గోలీలు గుర్తుంటే వేసుకునేదాన్ని. మీటింగుల్లో మాత్రం చక్కెరజబ్బు గురించి నాటుమందులను నమ్మొద్దని గట్టిగా మాట్లాడేదాన్ని.

ఆ నెలలోనే గంగక్క వచ్చింది. మా అక్క, మాక్లూర్ దగ్గర పసుపు పండిస్తుంది. పసుపు మార్కెట్‌కు తెచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగుతుంది. సాక్సులతో ఇంట్లో తిరుగుతున్న నన్ను చూసి, "గీ ఎండల సాక్సులేందే?" అంది. నేను ఏదో అన్నాను. ఆమె వినలేదు. చిన్నప్పుడు ముల్లు తీసేటప్పుడు చేసినట్టే, కాలు తన ఒళ్లో పెట్టుకొని లాగేసింది.

వేలును వెలుగు వైపు తిప్పి చూసింది.

"బాపు వేలు గిట్లనే ఉండె" అంది.

ఎన్ని వేదికల మీద, ఎన్నిసార్లు బాపు కాలు గురించి మాట్లాడాను! ఆ నలుపు మాత్రం మరిచిపోయాను. అక్క మరిచిపోలేదు. చెరుకు సీజనంతా ఆ పుండును కడిగింది ఆమే.

తర్వాత మా ఇద్దరికీ ఎప్పటి గొడవే మొదలైంది. మల్లన్నకు ఒక కొబ్బరికాయ కొట్టి తప్పైందని అనమంది. ప్రాణం పోయినా అననన్నాను. సాయిలు మధ్యలో కల్పించుకోబోతే ఇద్దరం కలిసి ఆయన్ని కసిరాం. చివరికి అక్క లేచి నిలబడి కొంగు దోపుకుంది.

"నువ్వు కొట్టకు, నేను కొడ్త. నువ్వు దావఖానకు పో. బాపును ఆనాడు దేవుని కాడికే తీస్కపోయిన్రు గని, కాలు కుళ్లేదాంక దావఖానకు తీస్కపోలే. గదొక్కటి నువ్వు ఎర్కజేస్కో."

హేతువాదిని నేను. ఆ పూట ఇంట్లో హేతువు మాట్లాడింది ఆమె.

ఆసుపత్రి వరండా

టౌన్లోనే రక్తనాళాల డాక్టరు ఒకామె ఉందని ఎవరో చెప్తే వెళ్లాం. వరండా నిండా కట్టు కట్టిన కాళ్లే. నేను తల వంచుకొని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాను. ఎవరైనా గుర్తుపడతారని. పక్కన బుర్ఖాలో ఒకావిడ, బోధన్ నుంచి భర్తతో వచ్చింది. ఆయనకు ఒక కాలు లేదు. ఆమె నా కాలు వేలాడుతుండటం చూసి, తన టిఫిను సంచి తీసి నా పాదం కింద పెట్టింది. "కాలు మీదికి వెట్టుండ్రి అక్కా, ఉబ్బుతది" అంది. అన్నం సంచి మీద కాలు పెట్టలేనని నేను వెనక్కి తీసుకుంటే, ఆమె తనే ఎత్తి పెట్టింది. సంచిని చేత్తో తాకితే వెచ్చగా ఉంది, పాదానికి మాత్రం ఆ వెచ్చదనం తెలియలేదు. ఆ తెలియకపోవడం నాకు తెలిసింది. మొదటిసారి నిజంగా భయపడ్డాను.

డాక్టరు చిన్న వయసు పిల్ల, మా స్కూల్లో చదివి వెళ్లిన పిల్లల ఈడు. ముందు యంత్రాలేవీ తీయలేదు. నా పాదం మీద, బొటనవేలి నరం పక్కన, రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. తర్వాత లోపలి చీలమండ వెనక. తర్వాత మోకాలి వెనక. ఎడమ పాదానికీ అలాగే.

నడిస్తే పిక్క పట్టేస్తుందా అని అడిగింది. అవునన్నాను. ఆగితే తగ్గుతుందా? తగ్గుతుంది. ఎక్కడ ఆగుతారు?

"చీరల షాపు ముందర" అన్నాను.

వెనక నిలబడ్డ సాయిలు గొంతు వినిపించింది. "అంటే నీకు చీర వద్దా?"

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, ఎందుకో తెలియదు.

తర్వాత పెన్ను లాంటి ఒక చిన్న సాధనం తీసింది. జిగురు రాసి ఎడమ పాదం మీద ఆనించగానే గదంతా ఒక శబ్దం నిండింది. చెరుకు తోటలోకి గాలి దూరినట్టు, ఊపు మీద ఊపు. అది నా రక్తం. నా పాదంలో, నేను పుట్టకముందు నుంచీ, అవ్వ కడుపులో ఉన్ననాటి నుంచీ, నేను ఉపన్యాసాలిస్తున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ఆగకుండా నడుస్తున్న రక్తం. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా వినలేదు నేను. దేవుడి ముందు నిలబడి భక్తులు చెప్పే పులకింత ఏమిటో నాకు తెలియదు గానీ, ఆ శబ్దం విన్నప్పుడు నా ఒళ్లంతా గగుర్పొడిచింది.

కుడి పాదం మీదికి మార్చింది. ఏమీ లేదు. కొంచెం జరిపింది. ఏమీ లేదు. ఇంకొంచెం. దూరంగా ఎక్కడో, ఊరవతల ఎవరో పిలిచినట్టు, ఒక సన్నని ఈల.

"ఉన్నది మేడం," అంది డాక్టరు. "తక్కువున్నది. గాని ఉన్నది."

చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది, చీలమండకూ కట్టి చూసింది. రెండూ దాదాపు సమానంగా ఉండాలట. నాకు చీలమండ దగ్గర చాలా తక్కువ వచ్చింది. నాకు వెంటనే మా ఊరి పొలం గుర్తొచ్చింది. మాది కాలువకు చివరి భూమి. నిజాంసాగర్ నీళ్లు వదిలారని పై ఊళ్లలో పండుగ చేసుకుంటుంటే మా చెరుకు ఎండుతూ ఉండేది. పాదం కూడా అంతే, గుండె నుంచి బయల్దేరిన కాలువకు చిట్టచివరి భూమి. పైన ఎక్కడ పూడుకుపోయినా ముందు ఎండేది అదే. వేలు ఉంటుందా అని అడిగాను. వేలు సంగతి తర్వాత, ముందు కాలు కాపాడుకోవాలని ఆమె నెమ్మదిగా చెప్పింది.

రక్తం తీసుకున్నారు.

ఆ రక్తం చెప్పింది

రెండు రోజుల తర్వాత ఫలితాలు తీసుకొని మళ్లీ ఆ గదిలో కూర్చున్నాం. డాక్టరు ఒక్కొక్కటే వివరించింది. మూడు నెలలుగా నా రక్తంలో చక్కెర ఎంత పేరుకుందో ఒక గుర్తు చెప్పింది. ఆ చక్కెరే కాలి నరాలను మొద్దుబార్చింది, అందుకే నిప్పు తెలియలేదు. చెడు కొవ్వు ఎంత ఉందో మరొకటి చెప్పింది. నాళాల గోడల్లో మంట రాజుకుంటోందని ఇంకొకటి చెప్పింది. బయటి నిప్పుల మీద గర్వంగా నడిచాను, లోపలి నిప్పు సంగతి నాకు తెలియదు.

ఆఖరి దాని దగ్గర ఆమె ఆగింది. అది ఒక రకం కొవ్వు రేణువు, తిండితో పెద్దగా మారదు, తల్లిదండ్రుల నుంచి వస్తుంది అని చెప్పి, నా వైపు చూసింది.

"మీ ఇంట్ల ఎవరికన్న చిన్న వయసుల గుండెపోటు వచ్చిందా? లేకుంటే కాలు తీసేసిన్రా?"

నేను కుర్చీ పట్టుకున్నాను. సాయిలు నా భుజం మీద చెయ్యి వేశాడు.

జీవితమంతా నేను చేయి చూసి గతం చెప్పేవాళ్ల మీద యుద్ధం చేశాను. "మీ ఇంట్లో ఒకరికి కాలికి దెబ్బ" అని చీకట్లో రాయి విసిరేవాళ్లను వేదికలెక్కి ఉతికాను. ఇప్పుడు ఈ పిల్ల, బాపు పేరు కూడా తెలియని పిల్ల, చెంచాడంత నా రక్తం చూసి బాపు కాలు గురించి అడుగుతోంది. తేడా ఏమిటో చూడండి. జ్యోతిష్కుడు తప్పదంటాడు. ఈమె "ఉండొచ్చు" అంది. ఎలా కనుక్కున్నారో అడిగితే అతను రహస్యమంటాడు. ఈమె కాగితం నా వైపు తిప్పి, ఎలా కొలుస్తారో, ఎక్కడ పొరపాటు జరగొచ్చో కూడా చెప్పింది. ఆ ఒక్క రేణువే కాలు తీయదని చెప్పింది. దానికి బీడీ తోడైతే, చక్కెర తోడైతే, నిర్లక్ష్యం తోడైతే ప్రమాదం పెరుగుతుందట. బాపుకు బీడీ తోడైంది. నాకు చక్కెర తోడైంది.

బాపు రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు, ఇక పరీక్షించలేరు కూడా. కాబట్టి నిరూపణ అయిందని నేను అనను. కానీ ఆ గదిలో, చిన్నప్పుడు ఊరు నన్ను అడిగిన ప్రశ్నకు మొదటిసారి ఒక జవాబు కనిపించింది. అది దాటిన ముగ్గు కాదు. ఆ జవాబు బాపు ఒంట్లోనే ఉండింది, ఇన్నేళ్లూ నా ఒంట్లో నాతోపాటు నడిచింది. నేను దాని కోసం ఊళ్లన్నీ తిరిగాను.

ఏప్రిల్

హైదరాబాద్ పంపించారు. అక్కడ మత్తు పూర్తిగా ఇవ్వలేదు. తొడ దగ్గర సూది, పక్కన తెర. తెర మీద నా కాలు. రక్తనాళాలను తెర మీద చూపించే మందు వదలగానే నల్లటి నది ఒకటి పై నుంచి దిగి, మోకాలి దగ్గర టక్కున ఆగిపోయింది. ఆ కింద ఏమీ లేదు.

లేదనుకున్నాను. ఇంకాసేపటికి, ఆగిన చోటికి పక్క నుంచి వెంట్రుకల్లాంటి సన్నటి దారులు కనిపించాయి. వంకరలు తిరిగి, అడ్డును చుట్టి, కిందికి చేరుతున్నాయి. అవేమిటని అడిగాను. పెద్ద దారి మూసుకుపోతుంటే ఒళ్లు తనంతట తాను పెంచుకున్న దారులని చెప్పారు. నేను చీరల షాపు ముందు నిలబడి అబద్ధమాడుతున్న రోజుల్లో, సాక్సులు తొడుక్కుంటున్న రోజుల్లో, నా కాలు నన్ను అడక్కుండా తన పక్కకాలువలు తవ్వుకుంటూ ఉంది. నీళ్లు రాని చివరి పొలాల రైతులు చేసే పనే. ఆ ఈలంత రక్తం వాటి గుండానే వచ్చింది. పాదం అందుకే అప్పటిదాకా బతికుంది.

దీనికి ఏ మంత్రమూ లేదు, ఏ మహిమా లేదు. ఇంతకన్నా గొప్ప సంగతి నేను జన్మలో చూడలేదు.

మూసుకున్న చోట చిన్న బెలూన్ ఉబ్బించారు. నది కిందికి దిగింది. నాకు పాదంలో వెచ్చగా అనిపించింది, అది నిజమో నా ఆశో చెప్పలేను. కాలు నిలిచింది. చిటికెనవేలు నిలవలేదు. అది అప్పటికే చచ్చిపోయిందని తీసేశారు.

వేలు తీసిన రోజు సాయిలు మంచం పక్కన కూర్చొని, ఎప్పుడూ లేనిది కాస్త తడబడుతూ, కంఠేశ్వర్ గుడిలో మొక్కుకున్నానని చెప్పాడు. నాకు కాలు నిలిస్తే రోజూ సాయంత్రం గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తానని. నాకు కోపం వచ్చింది. దేవుడు కాపాడాడని ఆయన, బెలూన్ కాపాడిందని నేను మొదలుపెట్టాం. సంచిలోంచి గిన్నెలు తీస్తున్న గంగక్క వెనక్కి తిరగకుండానే తీర్పు చెప్పింది. "ఇద్దరు జర నోర్లు మూస్కొని తినుండ్రి. అన్నం సల్లారుతది."

జూన్ నుంచి

పుండు మానాక అసలు వైద్యం మొదలైంది. షుగర్‌కు, కొవ్వుకు, రక్తం గడ్డకట్టకుండా గోలీలు. వాటితో పాటు నడక. పిక్క పట్టేదాకా నడవాలి, ఆగాలి, నొప్పి పోయాక మళ్లీ నడవాలి. అలా నడిస్తే ఆ పక్కదారులు ఇంకా బలపడతాయట. ఏ నొప్పిని దాచడానికి షాపు ముందు ఆగానో ఆ నొప్పి దాకా ఇప్పుడు నేనే వెతుక్కుంటూ వెళ్లాలి.

సాయంత్రాలు ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఆయన గుడి లోపల ప్రదక్షిణలు, నేను బయట ప్రహరీ గోడ పక్కన నడక. ఆయన ఒక చుట్టు తిరిగి గేటు దగ్గరికి వచ్చి నేను ఎక్కడున్నానో చూసుకొని మళ్లీ లోపలికి పోయేవాడు. వాన పడితే నేను ఆగినా ఆయన ఆగేవాడు కాదు. తెలిసినవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు, టీచరమ్మ కూడా గుడి చుట్టూ తిరుగుతోందని. తిరుగుతున్నాను, నా రక్తం కోసం అనేదాన్ని.

ఇంటికొచ్చాక ఆయన నా పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచేవాడు. నాకు స్పర్శ సరిగా తెలియదు కాబట్టి గీత పడినా, ఎర్రబడినా ఆయన కళ్లే చూడాలి. పెళ్లిలో ఆయన కాళ్లకు మొక్కనని పంతం పట్టి పీటల మీదే రచ్చ చేసినదాన్ని నేను. ఆయన అది గుర్తుచేయడు. ఒక్కసారి మాత్రం, వేలు లేని చోట మెత్తగా తుడుస్తూ, "నీ లెక్క నేను పంతం వడితే ఎట్లుండు?" అన్నాడు.

గంగక్క రక్తం కూడా తీయించాను. ఆమెలోనూ ఆ రేణువు ఎక్కువే ఉంది. ఆమె నాకన్నా బుద్ధిగా గోలీలు వేసుకుంటుంది. దేవుడికి దీపం పెట్టగానే గోలీ. మరిచిపోయే ప్రసక్తే లేదు.

ఎండాకాలంలో చీరల షాపు దాకా కూడా వెళ్లలేకపోయినదాన్ని, బతుకమ్మ నాటికి ఆగకుండా ఆ షాపు దాటాను. ఆ రోజు ఆకుపచ్చ చీర కట్టుకున్నాను.

ఈ చలికాలం

చెరుకు కోతలు నడుస్తున్నాయి. ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. అదే బడి మైదానం. గుండం పేర్చలేదు. కుర్చీ వేయించుకొని కూర్చొని, చెప్పు విప్పి, పాదం ఎత్తి అందరికీ చూపించాను. దాచినందువల్ల ఏం పోయిందో చూపించాను.

వెనక నుంచి ఎవరో కుర్రాడు అన్నాడు, మల్లన్న వేలు గుంజుకున్నాడని. నవ్వులు లేచాయి. పోశెట్టి లేచి నిలబడ్డాడు. "ఆనాడే చెప్పిన టీచరమ్మా, దేవునికి తొందర లేదని. దయగలోడు, వేలుతోని ఇడిసిపెట్టిండు."

నేను నెలల తరబడి భయపడ్డ మాట అదే. వచ్చేసింది. ఆశ్చర్యం, దెబ్బ తగల్లేదు. నేను బాపు కథ చెప్పాను. రక్తం గురించి, ఆ శబ్దం గురించి, పక్కదారుల గురించి చెప్పాను. తర్వాత, ఎవరైనా వస్తే పాదం మీద నాడి చూపిస్తానన్నాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు పోశెట్టి, సవాలు చేస్తున్నట్టు, తనే వచ్చి కుర్చీలో కూర్చొని కాలు చాపాడు.

నేను నేల మీద కూర్చొని ఆయన పాదం చేతుల్లోకి తీసుకున్నాను. జనంలో గుసగుసలు వినిపించాయి. ఎవరి కాళ్లకూ మొక్కని టీచరమ్మ పోశెట్టి కాళ్లు పట్టుకుందని. కుడి పాదం మీద నాడి వెంటనే దొరికింది. ఎడమ పాదం మీద దొరకలేదు. కొందరికి పుట్టుకతోనే అక్కడ దొరకదని డాక్టరు చెప్పింది కాబట్టి చీలమండ వెనక చూశాను. అక్కడా లేదు. పాదం చల్లగా ఉంది.

తల ఎత్తకుండా, ఆయనకు మాత్రమే వినపడేలా అడిగాను. "నడిస్తే పిక్క గుంజుతదా అన్నా?"

ఆయన ఒకసారి జనం వైపు చూశాడు. "గుడి మెట్లెక్కుతుంటే గుంజుతది," అన్నాడు నెమ్మదిగా. "నడుమ నిలవడత. మొక్కుతున్నట్టు చేతులు జోడిస్త. తగ్గినంక ఎక్కుత."

నా చీరల షాపు గుర్తొచ్చింది. నవ్వు రాలేదు.

"నేను దేవుని ఏనాడు ఒక్క మాట అనలే టీచరమ్మా," అన్నాడు. "ఏ గుండాన్ని ఎక్కిరియ్యలే. మరి నాకెందుకు?"

ఆ ప్రశ్న నేను ముందే విన్నాను, చెరుకు బండి తోలిన ఒక మనిషి మంచం మీద నుంచి.

"మీరేం తప్పు జెయ్యలే పోశెట్టన్నా," అన్నాను. "ఏం దాటలే. ఇది రక్తంల ఉన్నది. దీనికి పరీక్ష ఉన్నది, మందున్నది. వేలు నల్లవడక ముందే నడువుండ్రి."

వచ్చే వారం నిజామాబాద్ వస్తానని ఆయన మాట ఇచ్చాడు. రాకపోతే నేనే వెళ్లి తీసుకొస్తాను.

ఇప్పుడు మీ వంతు. ఈ పేజీ పక్కన పెట్టి చెప్పులు విప్పండి. రెండు వేళ్లు పాదం మీద, బొటనవేలు పైకెత్తితే తేలే నరం పక్కన, మెత్తగా ఆనించండి. దొరక్కపోతే లోపలి చీలమండ ఎముక వెనక చూడండి. దొరికిందా? కాసేపు అలాగే ఉండి ఆ కొట్టుకోవడాన్ని వినండి. మీరు పుట్టకముందు మొదలై మీ అనుమతి అడగకుండా నడుస్తున్న పని అది. దొరకలేదా? భయపడకండి, అలాగని ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. దొరికినా సరే, మీకు షుగర్ ఉన్నా, బీడీ సిగరెట్ అలవాటున్నా, నడిస్తే పట్టి ఆగితే పోయే నొప్పి ఉన్నా, ఇంట్లో ఎవరి కాలైనా పోయి ఉన్నా, మీ వేళ్ల తీర్పుతో సరిపెట్టుకోకండి. వెళ్లి రక్తం ఇవ్వండి. చేతితో పాటు చీలమండకూ బీపీ చూడమని అడగండి. చూడకపోతే మళ్లీ అడగండి. మానని పుండును సాక్సులో దాచకండి, ముగ్గు మీదికి నెట్టకండి. తర్వాత మీ ఇంట్లో పెద్దవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, మీరు నేల మీద కూర్చొని, వాళ్ల పాదాలు చేతుల్లోకి తీసుకోండి. మొక్కడానికి కాదు, నాడి చూడడానికి. ఈ రోజే, వాళ్లు చెప్పులు తొడుక్కోకముందే.